సగంలో ఆగిన మ్యాట్నీ

దిల్‌షాద్ టాకీస్ తాళం తెరిచిన రోజు అందరికంటే ముందు నేనే లోపలికి వెళ్ళాను. ఈస్టరు దాటిన వారం. బీదర్‌లో ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. బయట ఎర్రరాతి గోడ చేత్తో తాకితే చుర్రుమంటోంది. లోపల మాత్రం బావిలోకి దిగినట్టు చల్లగా ఉంది.

నిజాం కాలంలో కట్టిన హాలు అది. చౌబారా బురుజు నుంచి కిందికి దిగే గల్లీలో, రెండు పక్కలా ఇళ్ళ మధ్య ఇరుక్కుని ఉంటుంది. నా చిన్నతనంలోనే మూతపడింది. దాన్ని ఇప్పుడు మున్సిపాలిటీ వాళ్ళు ఊరికోసం మార్చాలనుకున్నారు. కింద పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు రీడింగ్ రూము, తెర ఉన్నచోట సభలకూ పాటలకూ వేదిక, పైన ఒకప్పుడు పరదా వేసుకుని ఆడవాళ్ళు కూర్చున్న జనానా బాల్కనీలో వాళ్ళ సంఘాలకు ఒక గది. కాంట్రాక్టు గంగాధర్ అన్న తీసుకున్నాడు. సైటు చూసుకోవాల్సింది నేను. డిప్లొమా అయిన దగ్గర్నుంచీ ఎవరో ఒకరి కింద పనిచేస్తూ వచ్చాను. పూర్తిగా నా చేతికి వచ్చిన మొదటి పని అది.

పావురాలు ఒక్కసారిగా లేచి పైకప్పు రంధ్రంలోంచి వెళ్ళిపోయాయి. ఫోను వెలుగులో కుర్చీలు కనిపించాయి. మనిషి లేవగానే టప్పున పైకి మడుచుకునే చెక్క కుర్చీలు. ముందు వరసలన్నీ మడుచుకుని ఉన్నాయి. వెనక సగం మాత్రం కిందికే ఉన్నాయి, వాటిలో ఇంకా ఎవరో కూర్చున్నట్టు.

మేస్త్రీ పీరప్ప ఒక కుర్చీని పట్టుకుని పైకి లేపబోయాడు. కదల్లేదు. ఇంకో ఇద్దరిని పిలిచి పట్టించాడు. అయినా కదల్లేదు.

"స్ప్రింగులు తుప్పువట్టి బిగుసుకున్నయి, షెకినమ్మా. కోసి తియ్యాలె," అన్నాడు. అని తన అరచేతిని ఒకసారి చూసుకుని పంచెకు తుడుచుకున్నాడు.

"ఏమైంది మామా?"

"ఏం లేదు. కట్టె ఎచ్చగున్నది."

ఆ చీకట్లో, ఆ చల్లదనంలో చెక్క వెచ్చగా ఎందుకు ఉంటుందని నేను అడగలేదు.

మా ఇంట్లో దిల్‌షాద్ పేరు ఎత్తేవాళ్ళు కాదు. మా నాన్న సమూయేలు బడిపంతులుగా రిటైరై, మా చర్చిలో సంఘపెద్దగా ఉన్నాడు. సినిమా అంటే ఆయనకు సారా దుకాణంతో సమానం. సైటు నాకొచ్చిందని చెప్పిన రోజు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "ఇంకేం పని దొర్కలేదా నీకు?" అన్నాడు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. అమ్మకు ఏసురాజు అని ఒక అన్న ఉండేవాడనీ, అక్కడ సినిమా వేసే పని చేసేవాడనీ, చనిపోయాడనీ మాత్రం నాకు తెలుసు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఆయన ఫోటో కూడా లేదు.

పని మొదలైన రెండో రోజో మూడో రోజో మధ్యాహ్నం, అన్నాలు తిని కూలీలు హాల్లోనే నడుం వాల్చారు. నేను బయట సిమెంటు దించుకుంటున్నాను. లోపల్నుంచి కేక వినిపించింది. పరుగున వెళ్ళాను.

తెర ఉండాల్సిన తెల్లగోడ మీద బొమ్మ ఆడుతోంది.

మసగ్గా, రంగుల్లో, ఏ చప్పుడూ లేకుండా మనుషులు నడుస్తున్నారు. అందరూ తలకిందులుగా. ఒక ఆటో పైకప్పు మీద పాకినట్టు పోయింది. ఒకావిడ బిందె పట్టుకుని తల కిందికి వేలాడుతూ నడిచింది. కూలీలు గోడలకు అతుక్కుపోయి చూస్తున్నారు. నేనూ గుమ్మంలోనే ఆగిపోయాను. తర్వాత ఆ ఆటోను గుర్తుపట్టాను. అది ఆ హాలు గల్లీ చివర ఎప్పుడూ ఆగి ఉండే ఆటోయే. నవ్వొచ్చింది.

సినిమా వేసే గదిలో వీధివైపు ఉన్న కిటికీకి కొట్టిన రేకును అంతకుముందు రోజే మా వాళ్ళు పీకేశారు. ఎదుటి ఇళ్ళ మీద ఎండ పడే వేళకు ఆ వెలుగు గదిలోకి వచ్చి, హాలువైపు ఉన్న చిన్న కంతలోంచి దూరి, చీకట్లో గోడ మీద పడుతోంది. బడిలో అట్టపెట్టెకు సూదితో బెజ్జం పెట్టి ఇదే చేసి చూపించారు మాకు. పైకెక్కి కంతకు చెయ్యి అడ్డం పెట్టాను. బొమ్మ పోయింది. చెయ్యి తీశాను. మళ్ళీ వచ్చింది. కింద కూలీలు ఈలలు వేశారు.

నేను దిగి వస్తుంటే మహాదేవి మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఇటుకలు మోసే మనిషి, చాలా తక్కువ మాట్లాడుతుంది.

"అక్కా, అందరు తలకిందులు వడుతరు, బరాబరే. మరి ఆ ఒక్కడు సక్కగ ఎట్ల నిలవడ్డడు?"

"ఎవరు?"

"అంచుకు. తెల్లంగి."

నేను తిరిగి చూసేసరికి ఎండ జరిగిపోయింది. గోడ మీద మరకలు మాత్రమే ఉన్నాయి.

మర్నాడు అదే వేళకు నేనూ, పీరప్ప మామా తప్ప అందరినీ బయటికి పంపి, వెనక వరసల దగ్గర నిలబడ్డాను. బొమ్మ వచ్చింది. వీధంతా తలకిందులుగా వేలాడుతోంది. మేకలు, సైకిలు, బురఖాలో ఇద్దరు ఆడవాళ్ళు. కుడివైపు అంచున ఒక మనిషి. పాదాలు కిందికి, తల పైకి, మనం నిలబడ్డట్టే నిలబడ్డాడు. తెల్లచొక్కా. ఆటోలూ మనుషులూ అతని పక్కనుంచీ, అతని మీదుగానూ పోతున్నారు. అతను మాత్రం కదల్లేదు. వీధిని చూడటం లేదు. హాల్లోకి చూస్తున్నాడు.

బయటికి పరుగెత్తాను. ఎదుటి గోడ దగ్గర ఎవరూ లేరు. ఎండ, దుమ్ము, పడుకున్న ఒక కుక్క. లోపలికి వస్తే అతను అక్కడే ఉన్నాడు.

"మామా, పైకి వోయి కంతకు గోనెసంచి అడ్డం వెట్టు," అన్నాను.

పీరప్ప పైకి వెళ్ళాడు. సంచి అడ్డం పెట్టాడు. వీధి ఆరిపోయింది. మేకలూ ఆటోలూ ఆరిపోయాయి.

అతను ఆరలేదు.

ఎంతసేపో చెప్పలేను. నల్లగా అయిపోయిన గోడ మీద ఆ తెల్లచొక్కా, నీళ్ళలో వేసిన సున్నంలా, మెల్లగా కరిగింది. నా పక్కన ఒక కుర్చీ కిర్రుమంది. కూర్చున్న మనిషి అటునుంచి ఇటు ఒరిగితే వచ్చే చప్పుడు అది.

మరుసటి రోజు పనికి వచ్చింది పీరప్ప, మహాదేవి ఇద్దరే. మిగతావాళ్ళు సంగతి విని తమ ఊరు చిమ్‌కోడ్‌కు వెళ్ళిపోయారు. గంగాధర్ అన్న ఫోను చేసి కేకలు వేశాడు.

"షెకినా, వానలకు ముందల ఓపెనింగు వెట్టిండ్రు. మంది పోతే నేనేం జెయ్యాలె? దయ్యం గియ్యం అంటె ఆఫీసుల నవ్వుతరు. నీతోని అయితలేదంటె చెప్పు, వేరేటోళ్లను పంపిస్త."

"అయితది అన్నా. జర టైమియ్యి," అన్నాను. ఎలా అవుతుందో నాకే తెలియదు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం తినలేకపోయాను. అమ్మ అడిగితే జరిగింది చెప్పాను. నాన్న పక్కనే ఉన్నాడు. ఆయన వింటాడని తెలిసే చెప్పాను.

అమ్మ నా ముందుకు వచ్చి కూర్చుంది. "ఎడమ భుజం కిందికి జారి ఉన్నదా బిడ్డా?"

గుర్తు చేసుకున్నాను. నిజమే. అతను ఒక పక్కకు ఒరిగినట్టే నిలబడ్డాడు.

"బస్‌స్టాండు కాడికెళ్లి రీళ్ల పెట్టెలు ఆ భుజం మీదనే మోసుకొచ్చెటోడు," అంది అమ్మ.

"లీయా, చాలు," అన్నాడు నాన్న.

అమ్మ ఆగలేదు. నా జన్మలో నాన్న 'చాలు' అన్నాక అమ్మ ఇంకో మాట మాట్లాడటం అదే మొదటిసారి చూశాను.

"మ్యాట్నీ ఆట నడుస్తుండంగ పైన మిషన్ గదిల కుర్చీలనే పానం వోయింది మా అన్నకు. ఎవ్వలకు తెల్వలే. నడుస్తున్న రీలు అయిపోయింది. తెర తెల్లగయింది. ఇంకో రీలు ఎక్కిస్తడని జనం కూసున్నరు. ఈలలేసిండ్రు, తిట్టిండ్రు. మల్ల సప్పుడు చెయ్యకుంట కూసున్నరట, శానసేపు. ఎందుకో ఎవ్వలకు లేవబుద్ధి కాలేదట. ఆఖర్కు గేటు కాడి మనిషి పైకి వోయి చూస్తే..." అమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "పెండ్లి లేదు, పిల్లలు లేరు. నేనొక్కదాన్నే ఉంటి. శవాన్ని మన వాకిట్లకు తెస్తమన్నరు. మీ నాయిన తేనియ్యలే. సినిమా హాల్ల సచ్చినోని శవం విశ్వాసి ఇంట్ల వెట్టొద్దన్నడు. అటే సమాధుల కాడికి తీస్కపోయిండ్రు. ఇల్లు చూడకుంట పోయిండు మా అన్న."

నాన్న కంచం ముందు నుంచి లేచాడు. చేయి కడుక్కోకుండానే బయటికి వెళ్ళి చీకట్లో నిలబడ్డాడు.

మర్నాడు అమ్మ నాతో బయల్దేరింది. చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. నాన్న చూశాడు గానీ ఎక్కడికని అడగలేదు.

హాలు గుమ్మం దగ్గర అమ్మ చెప్పులు విడిచింది. ఆ పెళ్ళలూ మేకులూ చూసి నేను వద్దన్నాను. వినలేదు. మధ్య దారిలో మెల్లగా నడిచి, కిందికి వాలి ఉన్న కుర్చీల వరసలోకి వెళ్ళి, "జర జరుగుండ్రి," అని ఎవరికో చెప్పి, ఒక కుర్చీలో కూర్చుంది. పీరప్ప తలుపు దగ్గరే ఆగిపోయాడు. మహాదేవి ఆయన వెనక నిలబడింది. నేను అమ్మ పక్కన నిలబడ్డాను. కూర్చోవడానికి ధైర్యం చాలలేదు.

ఎండ తిరిగింది. గోడ మీద వీధి వచ్చింది. అంచున అతను వచ్చాడు.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పక్కింట్లో ఉన్న మనిషిని పిలిచినంత మామూలుగా మాట్లాడింది.

"అన్నా, నేను, లీయాను. శాన ఆలస్యమైంది. నన్ను రానియ్యలే, నేను గూడ రాలే. ఆట అయిపోయింది. ఇగ ఇంటికి పా."

గోడ మీది మనిషి మొదటిసారి కదిలాడు. కొంచెమే. ఒరిగి ఉన్న భుజం సర్దుకున్నట్టు అనిపించింది.

అమ్మ అటూ ఇటూ చూసింది. "మీరు గూడ పోండ్రి," అంది ఖాళీ వరసలతో. "ఎంతసేపని కూసుంటరు? ఇగ రీలు రాదు."

టప్.

ఎక్కడో వెనక ఒక కుర్చీ పైకి మడుచుకుంది. ఇంకొకటి. తర్వాత రెండు మూడు కలిసి. ఆ తర్వాత వరసకు వరస, ఆట విడిచినప్పుడు జనం లేచినట్టే, హాలంతా టపటపా మోగింది. ముగ్గురు మగవాళ్ళు పట్టి లాగినా కదలని కుర్చీలు అవి. మా కాళ్ళ పక్కనుంచి దుమ్ము తలుపువైపు కదిలింది. పీరప్ప తలపాగా చేతిలోకి తీసుకుని, గుమ్మం మధ్యలోంచి పక్కకు జరిగాడు. మహాదేవిని కూడా చెయ్యి పట్టి పక్కకు లాగాడు, ఎవరికో దారి ఇస్తున్నట్టు. అలా చాలాసేపు నిలబడ్డాడు.

చప్పుడు ఆగాక చూస్తే, కిందికి ఉన్న కుర్చీ అమ్మ కూర్చున్నదొక్కటే. గోడ మీద వీధి తలకిందులుగా నడుస్తోంది. అందులో నిలబడ్డవాళ్ళెవరూ లేరు.

"పా బిడ్డా," అని లేచింది అమ్మ.

ఆటోలో అమ్మ ఒక చివరకు జరిగి కూర్చుంది. నన్ను ఇంకో చివరకు జరగమంది. మధ్యలో జాగా వదిలింది. దారంతా అటు చూసి చిన్నగా చెబుతూనే ఉంది. ఇది కొత్త బస్‌స్టాండు, ఇక్కడ హోటల్ ఉండె గదా, కూలగొట్టిండ్రు, ఇగో మన చర్చికి రంగేసిండ్రు అని. నేను మధ్య సీటు మీద చెయ్యి పెట్టలేదు.

నాన్న వాకిట్లో గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. అమ్మ ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"మీరు జర పక్కకు జరుగుండ్రి. మా అన్నొచ్చిండు."

నాన్న కళ్ళద్దాలు తీశాడు. "లీయా, సచ్చినోళ్లు ఎక్కడికి రారు. వాక్యం తెల్వదా నీకు?"

"తెలుసు. ఇన్నేండ్లు అదే విన్న. ఆ పొద్దు మీరు వద్దంటె నేను నోరు తెర్వలే. ఇయ్యాల గడపకు అడ్డం కూసోకుండ్రి, అంతే."

నాన్న ఆమె వెనక చూశాడు. అక్కడ ఏమీ లేదు, గేటూ ఎండా తప్ప. ఏదో అనబోయాడు. ఆయన కళ్ళు ఒకచోట ఆగడం నేను చూశాను. మనిషి ముఖం ఉండే ఎత్తులో. పేపరు మడిచి, లేచి, కుర్చీ తీసుకుని పక్కకు జరిగాడు.

అమ్మ తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. ముందుగదిలో చాప పరిచింది. దాని పక్కన కూర్చుని, సమాధి కార్యంలో పాడే పాటలన్నీ పొద్దుగూకేదాకా పాడింది. నాన్న లోపలికి రాలేదు. బయటే కూర్చుని విన్నాడు. ఒకచోట అమ్మ చరణం మరిచిపోతే బయటినుంచి ఆ చరణం అందించాడు.

"ఎప్పుడు పోతడమ్మా?" అని నేను తర్వాత అడిగాను.

అమ్మ నన్ను వింతగా చూసింది. "ఏడికి పోతడు? చెల్లె ఇల్లు గదా."

ఆ వారంలో కూలీలు తిరిగొచ్చారు. హాల్లో మళ్ళీ ఏమీ జరగలేదు. వీధి కిటికీకి అద్దం బిగించాం. పైకప్పు రంధ్రం మూశాం. కుర్చీల్లో మంచివి తుడిచి వార్నిష్ వేసి వేదిక ముందు పెట్టించాను. మిగతా చెక్కతో పుస్తకాల బీరువాలు అయ్యాయి. పావురాలు కొన్నాళ్ళు బయట తీగల మీద కూర్చుని చూసి, ఎటో పోయాయి.

ఇల్లు మాత్రం మునుపటిలా లేదు. తెల్లవారుజామున ముందుగదిలో మగగొంతు దగ్గు వినిపించేది. నాన్న నా పక్కనే టీ తాగుతుండేవాడు. ఎండకు మూసిన తలుపు తెరిస్తే బీడీ వాసన, దాని కింద వేడెక్కిన ఇనుము వాసన. అమ్మ ఆ గదిలో కూర్చుని బియ్యం ఏరుతూ మాట్లాడేది, మధ్యలో ఆగేది, నవ్వేది. అమ్మ అలా నవ్వుతుందని నాకు తెలియదు. నాకు ఆ గదిలోకి వెళ్ళాలంటే భయం. కానీ ఆ నవ్వు ఆగిపోవాలని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

నాన్న చిక్కిపోయాడు. చర్చి పెద్దల కూటానికి వెళ్ళడం మానేశాడు. రాత్రి ప్రార్థన ముందుగదిలో చేయడం మా అలవాటు. ఆ గది గుమ్మం బయటే నిలబడి చేయడం మొదలుపెట్టాడు. ఇంట్లోకి కూడా పెరటి తలుపునుంచే వచ్చేవాడు.

మొదటి వాన పడ్డ రోజు హాలు తెరిచారు. రిబ్బను, ఉపన్యాసాలు, కన్నడలో ఒక పాట. బగ్దల్ నుంచీ, పక్క ఊళ్ళ నుంచీ వచ్చిన పిల్లలు అప్పుడే మంచి బల్లలు పట్టుకుని పుస్తకాలు తెరిచేశారు. జనం మధ్యలో నాన్న కనిపించాడు. పిలవలేదు నేను. గొడుగులోంచి నీళ్ళు కారుతుండగా నా దగ్గరికొచ్చి, "మీ మామ పనిచేసిన గది ఏది?" అన్నాడు.

చూపించాను. నేనొస్తానంటే వద్దన్నాడు. ఇరుకు మెట్లు పట్టుకుని ఒక్కడే ఎక్కాడు. చాలాసేపటికి దిగాడు. ముఖం కడుక్కున్నట్టు తడిగా ఉంది.

"మెట్లు శాన ఇరుకున్నయి. ఆ పెట్టెలు మోసుకుంట రోజు ఎట్లెక్కిండో," అన్నాడు.

ఆ సాయంత్రం కూడా వాన వదల్లేదు. అమ్మ వంటింట్లో ఉంది. నేను తడిసిన బట్టలు ఆరేస్తున్నాను. జల్లు లోపలికి కొడుతోందని నాన్న ఒక్కొక్క కిటికీ మూసుకుంటూ వస్తున్నాడు. ముందుగదిలోకి వెళ్ళడం వినిపించింది. మామ ఇంటికొచ్చిన రోజు తర్వాత ఆయన ఆ గడప దాటి లోపలికి అడుగు పెట్టడం అదే మొదలు. నేను చేతిలో బట్టతో అలాగే నిలబడిపోయాను.

కిటికీ రెక్క పడింది. గొళ్ళెం పడింది. నాన్న గుమ్మం వరకు తిరిగొచ్చి, స్విచ్చు మీద చెయ్యి పెట్టి ఆగాడు.

"బావా," అన్నాడు. గొంతు సరిచేసుకున్నాడు. "లైటు బంద్ జెయ్యాల్నా?"

వాన చప్పుడు తప్ప నాకేమీ వినిపించలేదు. నాన్న మాత్రం తల కొంచెం వంచి విన్నాడు. "మంచిది," అని, లైటు అలాగే ఉంచి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.